సున్నా పాయింటు అయిదు

ఒత్తులమ్మ ఈ-పుస్తకాలు చదివే పలక తెర మీద వేలు పెట్టింది. పేజీ కదల్లేదు. మళ్లీ నొక్కితే రెండు పేజీలు ఒకేసారి దూకాయి. వెనక్కి వస్తే పాత అక్షరాల నీడలు బూడిద రంగులో కొత్తవాటి వెనక అలికేసినట్టు మిగిలాయి.

"దీనికంటే నత్త నయం," అని గొణిగింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతోంది. ఒక్క ఒత్తు జారినా పట్టేస్తుందని అందరూ పెట్టిన పేరది. అసలు పేరు ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. మొగుడు పోయాక చెల్లెలి దగ్గరే ఉంటోంది. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి పదమని చెల్లెలు పోరితే, "ఈ పుస్తకం అవనీవే" అంటుంది. ఆ వెనకే ఇంకో పుస్తకం వస్తుంది.

ఇప్పటిది నర్సుల కోసం వేసిన మందుల పుస్తకం. కాగితం మీద తప్పు లేదు. ఈ పలకలో మాత్రం అక్షరాలు పెద్దవి చేస్తే పట్టికల్లో అంకెలు విరిగిపోతున్నాయి. పసిపిల్లల మోతాదు 0.5లో సున్నా, చుక్క పై వరసలో ఉండిపోయి, అయిదు ఒక్కటీ కిందికి దిగింది. అలాంటివి నలభై చోట్ల పలకలోనే గుర్తులు పెట్టింది. మధ్యాహ్నానికి పలక బిగుసుకుపోయింది. ఆపి వెలిగిస్తే గుర్తుల్లో ఒక్కటీ లేదు.

వెళ్లి చెబితే మేనేజరు తల ఎత్తలేదు. "పుస్తకంలో సరిగ్గానే ఉందిగా మేడమ్. మెషిన్ అలా చూపిస్తే మనమేం చేస్తాం?"

"నర్సు చూసేది మెషిన్నే కదండీ! మా చెల్లెలు పిల్లల వార్డులోనే చేస్తుంది. అంత లావు పుస్తకం ఎవరు మోస్తారంటుంది."

"రేపు చూద్దాం లెండి."

ఆమె అన్నానికి లేవలేదు. పలకలో పేజీ నంబర్లు లేవు. ఉన్న శాతం లెక్క అక్షరం సైజు మారిస్తే మారిపోతోంది. అందుకని మందు పేరు, వరుసలో మొదటి మాట రాసుకుంటూ మొదటి నుంచీ మళ్లీ వెతికింది. అయిదింటికి తొమ్మిది కాగితాలు మేనేజరు బల్ల మీద పెట్టి, మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందికి దిగింది.

ఇంటికొచ్చి ఒక చెప్పు విప్పి కుర్చీలో కూర్చుంది. చెల్లెలు మంచినీళ్లు తెచ్చి, "అక్కా" అంది. రెండోసారి పిలిచాక గ్లాసు కింద పెట్టి నాడి పట్టుకుంది. చేయి చాలాసేపు వదల్లేదు.

మర్నాడు మేనేజరు మూడో కాగితం చదువుతుండగా ఆమె ఇక లేదన్న కబురు వచ్చింది. మిగతా కాగితాలు చివరిదాకా తిరగేసి, పలక పుస్తకం విడుదల ఆపమని కింది అంతస్తుకి ఫోన్ చేశాడు.

"పొద్దున్నే ఆస్పత్రులకి పంపేశాం సార్. ఇప్పుడు సరిచేసినా, వాళ్లు పాతది చెరిపి మళ్లీ దింపుకుంటేనే కొత్తది కనబడుతుంది."

అతను ఆస్పత్రుల జాబితా తెప్పించుకుని, ఒక్కొక్క నంబరే నొక్కడం మొదలుపెట్టాడు. "పిల్లల వార్డుకి ఇవ్వండి... సున్నా పాయింటు అయిదు. అయిదు కాదమ్మా, సున్నా పాయింటు అయిదు..."

గాజు తలుపు అవతల ఆమె కుర్చీ. నడుముకి ఆసరాగా మడిచి పెట్టుకున్న పాత దుప్పటి ముక్క, ఆమె ఆనిన చోట లోతుగా నొక్కుకుపోయి ఉంది.