ఎదురెదురు ఎంకమ్మలు

గద్వాల బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు చేసే శ్రుతికి పేర్లేసుడు కొత్తగాదు. ఎవరి పుట్టినరోజు వచ్చినా, ఎవరు ఎలక్షన్ల గెలిచినా, అందరి పేర్లు, అందరి మొఖాలు ఆమె చేతిమీదుగనే పోవాలె. ఆమె పేరు మాత్రం ఇన్నేండ్లల్ల ఏ మూలకూ ఎక్కలే. గందుకే హైదరాబాదుల పాటల కంపెనీ నడిపే భాస్కర్ సారు, "కవర్ నచ్చితే కింద నీ పేరేస్తమమ్మా" అన్నప్పటిసంది పిల్లకు అన్నం సయిస్తలేదు.

కోడేరు ఎంకమ్మ పాడిన నాట్ల పాటలు ఆల్బమ్‌గ వస్తున్నయి. కవరు ఎనకటి క్యాసెట్ల తీరుగ ఉండాలె. శ్రుతి ఇంటర్నెట్ల జూసి పసుపురంగు పూసింది, గీతలు వెట్టింది, మూలలు చినిగినట్టు జేసింది. భాస్కర్ రెండుసార్లు తిప్పి పంపిండు.

"పాతగనే ఉన్నది గని, ఏ ఊరిదో తెలుస్తలేదు. పొద్దుగూకేలోపు ఇంకొకటి పంపు. లేకుంటే ఈడనే ఎవరితోనన్న చేపిచ్చుకుంట" అన్నడు ఫోన్ల.

శ్రుతికి ఒళ్లు మండింది. ఏ ఊరిదో తెలుస్తలేదంట. గద్వాల పిల్లనయ్యుండి గా మాట అనిపిచ్చుకునుడా? షాపు షట్టర్ గుంజి, లాప్‌టాప్ సంకన వెట్టుకొని ఇంటికొచ్చి, నాయిన గళ్ల కాగితం ముందటేసుకున్నది.

నాయిన భీమయ్య చీరె అంచులకు డిజైన్లు గీస్తడు. కాగితం మీద ఆయన నింపిన గళ్లే మగ్గం మీద పువ్వులయితయి, పిట్టలయితయి. శ్రుతి ఫోన్ల ఎంకమ్మ పాట వెట్టుకొని, చెవికి చెయ్యానిచ్చి పాడే ఎంకమ్మను లాప్‌టాప్‌ల గదే తీరుగ గడిగడిగ నింపింది. కుంకుమరంగు, ఆకుపచ్చ, జరీ పసుపు, గంతే. సుట్టూ గద్వాల చీరెలకుండే కోటకొమ్మల అంచు. అంచు గీసేటోళ్లు సగమే గీస్తరు, మిగిలిన సగం అదే బొమ్మను తిప్పి వేస్తరు. శ్రుతి చెయ్యి గూడ అలవాటుగ గట్లనే తిప్పింది. తీరా స్క్రీన్ మీద చూస్తే ఎంకమ్మలు ఇద్దరైన్రు, అంచు మీది చిలుకలోలె ఎదురెదురుగ.

"నాయినా, ఆగమైంది. ఒక్క ఎంకమ్మకు ఇద్దరైన్రు."

భీమయ్య తొంగిచూసి నవ్విండు. "మనింటి చేతులు గంతేనే."

తుడిచేద్దామని మౌస్ పట్టుకున్నది. ఫోన్ల పాట ఇంకా నడుస్తనే ఉన్నది. నాట్లల్ల ఒక వరుస ఆడోళ్లు పాట ఎత్తుతరు, ఎదురు వరుస అందుకుంటది. ఈ రికార్డింగుల ఎత్తేది ఎంకమ్మనే, అందుకునేది ఎంకమ్మనే. శ్రుతి మౌస్ ఇడిచిపెట్టింది. ఇద్దరినీ గట్లనే ఉంచి పంపింది.

జరసేపటికి భాస్కర్ ఫోన్ చేసిండు. "ఇద్దర్ని వెట్టినవేంది?"

"పాట ఇనుండ్రి సార్. ఇద్దరున్నరు."

ఇని చెప్త అని భాస్కర్ ఫోన్ పెట్టేసిండు. మళ్ల ఫోన్ వచ్చేసరికి పొద్దు వాలింది. "ఎంకమ్మకు చూపెట్టిన. రెండూ నేనే, ఒక్కదాన్ని గూడ తియ్యొద్దు అంటున్నది. కింద పేరేమెయ్యాలె?"

శ్రుతి నాయిన దిక్కు చూసింది. ఆయన గీసిన అంచులు ఎంతమంది పెండ్లిపిల్లలు కట్టుకున్నరో లెక్కలేదు. ఒక్క చీరె మీద ఆయన పేరు లేదు.

"భీమయ్య, శ్రుతి, గద్వాల. గిట్లనే వెయ్యుండ్రి సార్."

"నా పేరెందుకే" అని భీమయ్య కసిరిండు. కసిరినోడే, కవరు బయటికొచ్చిన తెల్లారి ఫోన్ జేబుల వెట్టకుంట మగ్గాల వాడంత తిరిగిండు. పక్కింటి వెంకటన్న కండ్లు చిట్లిచ్చి చూసి, "ఈ ఇద్దరు ఆడోళ్లెవరన్నా?" అని అడిగిండు.

"వాళ్ల సంగతి తర్వాత జెప్త," అన్నడు భీమయ్య. "ముందుగాల కింద సదువు."