పోయిందా?

మా ఆయన మస్తాన్ గుంటూరు మిర్చియార్డులో బస్తాలు మోసేవాడు. మిర్చి ఘాటుకి చెమర్చని ఆ కళ్లు, సినిమాలో మనుషుల్ని చంపే దయ్యం బొమ్మ కత్తి పట్టగానే మూసుకుపోయేవి. అయినా ఆ సినిమా ప్రతి భాగానికీ నన్ను లాక్కెళ్లేవాడు.

“పోయిందా జైతూన్?” అని గొణిగేవాడు.

“పోయిందిలే, కళ్లు తెరువయ్యా” అని విసుక్కునేదాన్ని.

ఇవాళ ఏడో భాగం మ్యాట్నీకి ఒక్కదాన్నే వచ్చాను. పక్క కుర్చీ మడిచినది మడిచినట్టే ఉంది. దిక్కుమాలిన బొమ్మ, ఆరుసార్లు తగలబెట్టినా మళ్లీ లేచొచ్చింది. నిరుడు మట్టిలో పెట్టిన మా ఆయనకి మాత్రం ఆ పౌరుషం లేదు.

చివరికి బొమ్మ మళ్లీ కాలిపోయింది. నేను తెరమీంచి చూపు తిప్పకుండానే, అలవాటు కొద్దీ పక్కకి వంగి అన్నాను.

“పోయిందిలే, కళ్లు తెరువయ్యా.”