దండెం మీద తొమ్మిదో నంబరు

జోజప్ప క్లబ్బు ఫుట్‌బాల్ టీములో ఎవరున్నారో ఏ పేపర్లోనూ పడదు. శౌరయ్య దండెం మీద పడుతుంది.

ఏలూరు కాలవ గట్టున, లాకుల పక్కన, రేకుల ఇల్లు. ఇంటిముందు రెండు సరుగుడు బాదులు, వాటి మధ్య తీగ. క్లబ్బుకి పదిహేను తెల్ల చొక్కాలున్నాయి, వీపు మీద నీలం అంకెలు. ఎవడి అంకె వాడిదే, ఆడినంతకాలం మారదు. చొక్కాలన్నీ శౌరయ్య ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటాయి. మ్యాచికి ముందురోజు సాయంత్రం కమిటీ కూర్చుని పదకొండుమందిని ఎంచి, అంకెలు నోటిమాటగా చెప్పిపోతుంది. తెల్లవారుజామున ఆ పదకొండింటికే గంజీ, నీలిమందూ. మిగతావి పెట్టెలోనే. ఆదివారం పూజ ముగిసి చర్చిలోంచి వచ్చే జనం ముందు దండెం వంకే చూస్తారు. అటు చివర గోలీ చొక్కా, ఇటు చివర ఫార్వర్డులవి. చొక్కా ఉన్నవాడు ఆడతాడు. లేనివాడు ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకుంటాడు.

ఇది శౌరయ్య పెట్టిన పద్ధతి కాదు. ఆయన భార్య అమలమ్మది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ చొక్కాలు ఉతికే పని ఆమె అడిగి తెచ్చుకుంది. ఒకసారి కమిటీవాళ్ళు ఆరేసిన తరవాత మనసు మార్చుకుని, ఒక చొక్కా తీసి ఇంకొకటి వెయ్యమన్నారు.

"తడిబట్ట పెట్టెలో పెడితే ముక్కిపోద్దండి. నేను తియ్యను," అంది అమలమ్మ.

ఊరంతా చూశాక తీసేస్తే ఆ పిల్లాడు ముఖం ఎక్కడ పెట్టుకుంటాడన్నది ఆమె బాధ. ఆ మాట పైకి అనలేదు. ముక్కిపోద్దన్న మాటే అంది. అప్పట్నుంచీ దండెం ఎక్కిన చొక్కా దిగలేదు. ఫాదరుగారు కూడా దింపించలేదు.

ఆమె పచ్చకామెర్లతో పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు దేవుడి చిత్తం అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరితోనూ శౌరయ్య మళ్ళీ మాట్లాడలేదు. అప్పటికి లాకుల మీద లస్కరు పనినుంచి రిటైరయ్యాడు. జీవితమంతా కాలవ తలుపులు ఎత్తి, దించిన చేతులు. వాటితోనే చొక్కాలు ఉతకడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

శౌరయ్య క్షమించనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరిలోకీ ముందు నిలబడేవాళ్ళు క్లబ్బు వదిలి పోయినవాళ్ళు. గోలీ మరియదాసు రైల్వేలో ఉద్యోగం ఇస్తే ఖరగ్‌పూర్ పోయాడు. సెలవులకు వచ్చినప్పుడు దణ్ణం పెడితే శౌరయ్య కాలవలోకి ఉమ్మేవాడు. ఆ మరియదాసు వెళ్ళేముందు అమలమ్మ వాడి ఒక్కడి చొక్కా మామూలు రోజున ఉతికి, గంజిపెట్టి, ఒంటరిగా దండెం మీద వేసింది.

"ఆ ద్రోహికి నీలిమందు కూడానా?" అన్నాడు శౌరయ్య.

"వాడిక్కాదు, చొక్కాకి. పోయేవాడి చొక్కా చెమటతో పెట్టెలో పెట్టకూడదు," అందామె.

ఆ పూట శౌరయ్య అన్నం తినలేదు.

కలకత్తాలో పెద్ద క్లబ్బులవాళ్ళు ఒకళ్ళ ఆటగాణ్ణి ఒకళ్ళు ఎత్తుకుపోయి ఇళ్ళల్లో దాచిపెడతారని పేపర్లో చదివినప్పుడు, లాకుల దగ్గర టీకొట్లో అందరికీ వినపడేట్టు అన్నాడు: "అది నయం. ఎత్తుకుపోతున్నారంటే వాడు రానన్నాడనేగా. మనోళ్ళు కాఫీ పోస్తే చాలు, నడిచిపోతారు."

ఎమర్జెన్సీకి ముందు ఏడాది, పునీత జోజప్ప పండగ కప్పు ఫైనలుకి నాలుగురోజులుందనగా, సరిగ్గా అదే చూశాడు. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో ఇశ్రాయేలు కూర్చుని ఉన్నాడు. ఇశ్రాయేలు క్లబ్బు సెంటర్ ఫార్వర్డు, తొమ్మిదో నంబరు. ఆటోనగర్‌లో లారీబాడీలు కట్టే షెడ్డులో రోజుకూలి. ఎదురుగా రామకోటేశ్వరరావు. మంగళగిరి అవతల కొత్తగా పెట్టిన నూలుమిల్లుకి వెల్ఫేరు ఆఫీసరు. సెమీఫైనలుకి మిల్లు జీపులో వచ్చి చివరి పావుగంట చూసి పోయినవాడు. మిల్లుకి ఒక టీము కావాలి. ఆడేవాడికి మిల్లులో పని ఇస్తారు. ఇది ఊరందరికీ తెలుసు.

శౌరయ్య కొనుక్కోవలసిన నీలిమందు కొనకుండానే తిరిగొచ్చి, తిన్నగా ఏసుపాదం మేస్టారింటికి పోయాడు. ఏసుపాదం చర్చివాళ్ళ విచారణ బడిలో డ్రిల్లు మేస్టారు, క్లబ్బు సెక్రటరీ.

"మేస్టారూ, తొమ్మిదోవాణ్ణి మిల్లోళ్ళు తన్నుకుపోతున్నారండి."

"నువ్వు చూశావా?"

"కళ్ళారా చూశా. పెసరట్టు కూడా తిన్నాడు. బేరమంటే రెండు పక్కలా మాటుండాలి గదండీ. వాళ్ళొకటి ఇస్తామంటే మనమొకటి ఇస్తామనాలి. కాన్వెంటు బళ్ళో వాచ్‌మన్ పని ఖాళీగా ఉంది. ఫాదరుగారితో ఒక మాట చెప్పి వాణ్ణి కట్టెయ్యండి."

"నాకు చెప్పావుగా. నేను చూసుకుంటా," అన్నాడు ఏసుపాదం.

శౌరయ్య నిశ్చింతగా ఇంటికొచ్చాడు. తన లెక్క ప్రకారం బేరం అయిపోయింది.

శనివారం సాయంత్రం అంకెలు చెప్పడానికి ఏసుపాదం స్వయంగా సైకిలు మీద వచ్చాడు. అన్నీ మామూలే. తొమ్మిది బదులు పద్నాలుగు అన్నాడు.

"పద్నాలుగా? జోజిబాబునా?" అన్నాడు శౌరయ్య. "బంతి వస్తే వాడు పక్కకి తప్పుకుని దారిస్తాడండి, పెళ్ళివారికి ఇచ్చినట్టు. గన్నవరంవాళ్ళ మీద ఫైనలండి ఇది."

"రేపు ఆ మిల్లాయన వస్తున్నాడయ్యా. మ్యాచంతా చూస్తేగాని తీసుకోనన్నాడంట. రానీ. ఇశ్రాయేలు గట్టుమీద కూచుని బఠాణీలు తింటుంటే చూసి పోతాడు."

"మరి వాచ్‌మన్ పని?"

"అది మన ఆర్‌సీయం చర్చివాళ్ళకే ఇస్తారు. వాడు లూథరన్‌పేట వాడు."

"గోలు కొట్టినప్పుడు ఏ పేటండి?"

ఏసుపాదం సైకిలు ఎక్కబోయి ఆగాడు. "ఏవయ్యా, వచ్చి చెప్పింది నువ్వు. ఇప్పుడు అడ్డం మాట్లాడేదీ నువ్వేనా?"

సైకిలు గట్టు దిగింది. ఇశ్రాయేలుని నిలబెట్టమని తను చెబితే వీళ్ళు పడగొట్టమన్నట్టు విన్నారు.

దీపాలు పెట్టేవేళకి హన్నా వచ్చింది. ఇశ్రాయేలు తల్లి. గట్టు మీదే, నాలుగు గుడిసెల అవతల కాపురం. బిందె కిందపెట్టి నిలబడింది.

"రేపు మావాడి చొక్కా ఉందా అన్నయ్యా?"

"పొద్దున దండెం చూసుకో."

"లేదంటన్నారు. ఎవడో పోయి కమిటీకి ఊదాడంట. వాడి నోట్లో మన్నుపడ."

"పడుద్దిలే," అన్నాడు శౌరయ్య.

"నువ్వు కాలవ డిపార్టుమెంటులో చేశావు గదా, నిజం చెప్పు. గట్టుమీద గుడిసెలు ఎత్తించేస్తారా?"

ఇంజనీర్లు గొలుసు పట్టి కొలిచి, సున్నంతో గీతలు గీసిపోయిన సంగతి శౌరయ్యకి తెలుసు. తన ఇల్లు గీతకి ఇవతల ఉంది. హన్నా గుడిసె అవతల ఉంది.

"నిజమే. ఎండాకాలం కాలవ కట్టేసిన తర్వాత ఎత్తిస్తారు."

"మిల్లోళ్ళు గది ఇస్తారంట. తలుపుకి గొళ్ళెం ఉన్న గది." ఆమె గొళ్ళెం వేస్తున్నట్టు చెయ్యి కదిపింది. "ఇంకో ఏడాది పోతే వాడి మోకాలు చూసి ఎవరూ పిలవరన్నయ్యా. ఇప్పటికే పడుకునేముందు నూనె రాయమంటాడు."

"పోయేవాడికి మా చొక్కా ఎందుకు?"

హన్నా బిందె ఎత్తుకుంది. "అమలమ్మ వదిన చెప్పేది. మా ఆయనకి గంజి పెట్టక్కర్లేదే, ఊరికే బిరుసు అని."

తెల్లవారుజామున శౌరయ్య పెట్టె తెరిచాడు. అంకెలు వరసగా తీసి బకెట్లో వేశాడు. పద్నాలుగు చేతిలోకి వచ్చింది. కొత్తదానిలా ఉంది, ఎక్కడా మాసిక లేదు. దాని కింద తొమ్మిది. భుజం దగ్గర చిరిగితే అమలమ్మ వేసిన కుట్లు ఇంకా ఊడలేదు.

ఆయన మనసేం మారలేదు. పోయేవాడు ద్రోహే. మరియదాసు ద్రోహి, ఇశ్రాయేలు ద్రోహి. కాని టీము ఎంచేది గెలవటానికి, ఒకడి గొళ్ళెం ఊడగొట్టటానికి కాదు. పైగా ఆ ఊడగొట్టే చెయ్యి కమిటీది కాదు, తనది. తను బస్టాండు నుంచి పరిగెత్తుకుని పోయి అందించాడు. పద్నాలుగుని మడతపెట్టి పెట్టెలో వేసి మూతేశాడు.

ఎండ వచ్చేసరికి పదకొండు చొక్కాలు గాలికి ఊగుతున్నాయి. ఇటు చివర తొమ్మిది.

పూజ ముగిసింది. జనం గట్టెక్కారు. ముందు ఎవరో ఈల వేశారు. తరవాత ఏసుపాదం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు, పూజకి కట్టుకున్న జరీపంచె దుమ్ములో ఈడ్చుకుంటూ.

"నీకు నేను చెప్పిన నంబరేది?"

"పెట్టెలో ఉందండి."

"తొమ్మిది తియ్యి."

"తడిబట్టండి. ముక్కిపోద్ది."

జనంలో నవ్వు లేచింది. ముసలివాళ్ళకి ఆ మాట ఎవరిదో గుర్తుంది. ఏసుపాదం చెయ్యి తీగదాకా వెళ్ళింది, చొక్కాని ముట్టుకోలేదు. అంతమంది ముందు దండెం మీద చొక్కా దింపిన మొదటివాడు కావడం అతనికీ ఇష్టంలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని గొంతు పెంచాడు.

"అందరూ వినండయ్యా. ఇశ్రాయేలు మిల్లోళ్ళతో బేరమాడుతున్నాడని వచ్చి చెప్పిందీ ఈ శౌరయ్యే. ఇప్పుడు చొక్కా వేసిందీ ఈ శౌరయ్యే. ఏం మనిషివయ్యా నువ్వు?"

నవ్వు ఆగిపోయింది. హన్నా జనం వెనక నిలబడి ఉంది. శౌరయ్య ఆమె వంక చూడలేదు. క్లిప్పు ఒకటి వదులైతే సరిచేశాడు.

"రేపట్నుంచి బట్టలు చాకలికి వేస్తాం. పెట్టె సాయంత్రం తీసుకుపోతా," అన్నాడు ఏసుపాదం.

"తీసుకుపోండి. గంజి పలచగా పెట్టమనండి. మెడ దగ్గర కోసుకుంటది."

నాలుగింటికి మ్యాచి. శౌరయ్య ఎప్పుడూ నిలబడే కార్నరు జెండా దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ పక్కన నిలబడేవాళ్ళు ఆ రోజు నిలబడలేదు. మిల్లు జీపు వచ్చింది. రామకోటేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకుంటూ దిగి, ఖాళీగా ఉందని శౌరయ్య పక్కనే కుర్చీ వేయించుకున్నాడు.

ఇశ్రాయేలు మొదటి సగం ఘోరంగా ఆడాడు. కాళ్ళలో భయం కనపడుతోంది. గోలుకి ఎదురుగా దొరికిన బంతిని కాలవలోకి తన్నాడు.

"ఒరే! ఆ కాలుతోనేనా మిల్లుకి పోయేది?" అని అరిచాడు శౌరయ్య. "నూలు కూడా తెగదు దాంతో!"

మిల్లాయన కుర్చీలో ఇటు తిరిగాడు. "ఏం పెద్దాయనా, ఆ కుర్రాడంటే పడదా మీకు?"

"పడదండి. కాని వాణ్ణి మధ్యలో ఆడించండి. పొరపాటున కూడా పక్కకి నెట్టకండి, పాడైపోతాడు. మీవాళ్ళకి బంతి కిందగా ఇవ్వడం నేర్పండి. వాడు తలతో ఆడడు, ఆడితే దానికీ దెబ్బ తగిలించుకుంటాడు."

రెండో సగంలో ఇశ్రాయేలు ఒక్కసారి జోరుగా పరిగెత్తాడు. ఇద్దరు బ్యాకుల్ని దాటి, మోకాలు వంగిపోతున్నా ఆగకుండా, గోలీ కాళ్ళ సందులోంచి కొట్టాడు. తరవాత ఇంకోటి గోలు బాదుకి తగిలి వెనక్కొచ్చింది. అంతలో గన్నవరంవాళ్ళు ఒకటి, ఆఖర్లో ఇంకోటి కొట్టారు. కప్పు గన్నవరం పోయింది.

రామకోటేశ్వరరావు లేచి, ఇశ్రాయేలు దగ్గరికి పోయి, ఏదో అన్నాడు. ఇశ్రాయేలు తలూపాడు. అంతే బేరం.

"గెలిపించకుండా పోతున్నాడు, వెధవ," అనుకున్నాడు శౌరయ్య.

చీకటిపడకముందే ఏసుపాదం వచ్చి పెట్టె తీసుకుపోయాడు. చొక్కాలు లెక్కపెట్టలేదు. పెట్టె ఉన్నచోట గచ్చు మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. శౌరయ్య దాని మీద కుండ పెట్టాడు. తరవాత తీసేశాడు.

మర్నాడు ఇశ్రాయేలు వచ్చాడు. పేపర్లో చుట్టిన చొక్కా చేతిలో ఉంది.

"ఇది మేస్టారికిచ్చి పోతున్నా బాబాయ్."

"ఇట్టాగేనా? బురదతోనా?" శౌరయ్య లాక్కున్నాడు. "మీ మిల్లులో చూపించు నీ శుభ్రం. ఇక్కడ కుదరదు."

ఇశ్రాయేలు గడపలోనే నిలబడ్డాడు. "నువ్వు చెప్పావని నాకు కోపమే బాబాయ్."

"ఉంచుకో. నాక్కూడా ఉంది."

"సెలవులకి వస్తా."

"రాబాక. వస్తే మా మీద ఆడటానికేగా వచ్చేది."

మంగళవారం పొద్దున హన్నా సామాను రిక్షాలో వేసుకుని బయల్దేరింది. దండెం దగ్గరికి వచ్చేసరికి రిక్షా ఆపించింది. తీగ మీద ఒకే ఒక చొక్కా, అంకె రోడ్డు వైపుకి తిప్పి. నీలిమందు ఎక్కువై ఎండలో ఆకాశంలా ఉంది. అమలమ్మ మరియదాసుకి అట్లా వేసిన రోజు హన్నా కూడా ఇక్కడే ఉంది.

"నోట్లో మన్నుపడాలన్నాను నేను," అంది.

"పడిందిలే," అన్నాడు శౌరయ్య.

ఆమె రిక్షావాడికి పదమని చెయ్యి ఊపింది. రిక్షా కదిలింది. వంతెన ఎక్కేదాకా వెనక్కి తిరిగి దండెం వంకే చూస్తూ పోయింది.

మధ్యాహ్నం బడి గంట కొట్టాక ఏసుపాదం సైకిలు మీద వచ్చాడు. పెట్టెలో చొక్కాలు పద్నాలుగే ఉన్నాయని అప్పటికి తెలిసింది అతనికి. దిగి, కాలు బాదుకి ఆనించి, తొమ్మిది వంక చూశాడు. చొక్కా గంజికి అట్టలా బిగిసి, గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"అది క్లబ్బుదయ్యా. ఇటివ్వు."

"తడిబట్టండి," అన్నాడు శౌరయ్య. "ఆరాక రండి."

అది ఎప్పుడో ఆరిపోయింది. ఏసుపాదం చెయ్యి చాపి చూడలేదు. సైకిలెక్కి పోయాడు.