మంగళవారం గది

మేయరు మనిషి హమ్లావీ గోడమీది ఫొటోలను ఒక్కొక్కటే పీకి నేలమీద పడేశాడు. అల్జీరియా కొండల్లోని ఆ ఊళ్లో, పదకొండేళ్ల కిందట, ఒక్క సాయంత్రంలో సాయుధ ముఠా నరికి చంపిన ముప్ఫై ఎనిమిది మంది ఫొటోలవి. బతికిన ఆడవాళ్లు ప్రతి మంగళవారం ఆ పాత బడిగదిలో చేరి, డాక్టరమ్మ నసీమా దగ్గర గుండెబరువు దించుకునేవారు.

"ఏడ్చింది చాలు. దేశమే మరిచిపోయింది, మీరూ మరిచిపోండి," అన్నాడు హమ్లావీ. "మాకే బాధా లేదని ఈ కాగితం మీద వేలిముద్రలెయ్యండి. ఈ గదికి తాళమేస్తున్నాం."

కాగితం ముందుగా మెస్సౌదా చేతికొచ్చింది. రెండేళ్లుగా వస్తున్నా ఆమె ఏనాడూ నోరు విప్పలేదు. ముద్ర వేస్తే ఇక ఎన్నటికీ విప్పక్కర్లేదు. ఆ ఆలోచనకు ప్రాణం తెరిపిన పడింది. తెరిపిన పడినందుకే సిగ్గుతో చచ్చిపోయింది. అయినా వేలికి సిరా అంటించుకుంది.

"వెయ్యి పెద్దమ్మా. నీ ఇంట్లో ఎవరూ చావలేదుగా!" అన్నాడు హమ్లావీ.

"ఎందుకు చావలేదో చెప్పనా?" మెస్సౌదా వేలు వెనక్కి తీసుకుంది. "ఈ వర్దియా వదిన కూతురు 'అత్తా, అత్తా' అంటూ నా తలుపు బాదింది. నేను గడియ పట్టుకు నిలబడ్డాను. చప్పుడు ఆగేదాకా వదల్లేదు."



"తెలుసు," అంది ఎదురుగా కూర్చున్న వర్దియా. "దాని నెత్తురు నీ తలుపు మీద చూశాను. నువ్వే చెబుతావని పదకొండేళ్లు ఎదురుచూశాను."

"నన్ను కొట్టు వదినా."

"కొడితే నీకు తేలికవుతుంది. కొట్టను. క్షమించను కూడా. కూర్చుని మొత్తం చెప్పు."

మెస్సౌదా చెప్పింది. మూలనున్న ముసలి తావూస్ తలవంచుకుని, "నేనూ విన్నానమ్మా. దీపమార్పేశాను," అంది. తర్వాత ఇంకొకామె. ఆపైన మరొకామె.

"మేం సిగ్గుపడుతున్నాం," అంటూ తావూస్ హమ్లావీ వైపు తిరిగింది. "ఆ సాయంత్రం ఊరి చివర కాపలా చౌకీలో తుపాకులున్న సిపాయిలున్నారు. కేకలు విని ఒక్కడూ రాలేదు. ఆ సిగ్గుకి వేలిముద్ర ఎవడేస్తాడ్రా?"

హమ్లావీ కాగితం లాక్కుని, అందర్నీ బయటికి గెంటి, తాళం వేశాడు.

మరుసటి మంగళవారం రోడ్డు మీదే చాపలు పరుచుకున్నాయి. ఎన్నడూ రాని మగవాళ్లూ వచ్చి వెనక కూర్చున్నారు. జీపు దిగిన సిపాయిలు, "నాయకురాలెవరు?" అని గద్దించారు.

"నేనే," అంటూ మెస్సౌదా అందరికంటే ముందు లేచింది. ఆమెను ఈడ్చి జీపులో పడేశారు.

వర్దియా వెళ్లి చక్రాల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లే అమ్మా! అది నీ కూతుర్ని చంపించిన మనిషి కదా!" అన్నాడో సిపాయి. హమ్లావీ వాళ్లకంతా చెప్పే పంపాడు.

"నా కోపం నేను తీర్చుకుంటాను. మీరు పట్టుకుపోతే నేనెవర్ని నిలదియ్యాలి?"

ఆమె పక్కన తావూస్ చతికిలబడింది. ఆ వెనక రోడ్డంతా జనమే. డ్రైవరు హారను కొట్టి కొట్టి, చివరికి ఇంజను ఆపేశాడు.

"ఆ అద్దం దించవయ్యా," అంది వర్దియా. "దాని మాట మాక్కూడా వినపడాలి."