బానిస కాలేని తమ్ముడు

నైలు మీద పొగమంచు కమ్మిన ఉదయాల్లో తిమ్రాజ్ అమీరుకు కైరో కనిపించదు. తాను పుట్టిన కొండలే కనిపిస్తాయి. పసితనంలో సంతలో అమ్ముడుపోయి, కత్తి పట్టి, సుల్తాను పక్కన కూర్చునేంతవాడైన మనిషి, ఆ కాసేపూ అమ్మ కోసం వెతుక్కునే పిల్లాడైపోతాడు.

సొంత కొడుకులున్నారు, ఏం లాభం? స్వేచ్ఛగా పుట్టి చెడ్డారు. ఆ దేశంలో బానిసగా కొనితెచ్చినవాడికే కత్తీ, పదవీను. అందుకే ఉయ్యాల్లో వదిలొచ్చిన తమ్ముడు కన్షావ్‌ను, బానిసల వర్తకుడు షాహీన్‌ను పంపి రప్పించుకున్నాడు. కొని తన దళంలో చేర్చుకుంటే రక్తసంబంధం ఒక్కటైనా పక్కన ఉంటుందని ఆశ.

మంచులోంచి షాహీన్ వెంట తమ్ముడు మేడెక్కి వచ్చాడు. అమ్మ ముక్కే, అమ్మ నవ్వే. అమీరు వాణ్ణి వాటేసుకుని వదల్లేదు.

"అన్నా, ఓడలో ఓ ముసలాయన దగ్గర మీ నమాజు నేర్చుకున్నా. అందరి ముందూ కలిమా చదివి మీ మతంలో కలిసిపోయా. నువ్వు మురిసిపోతావని."

అమీరు చేతులు జారిపోయాయి.

"కొంప ముంచావు కదయ్యా," అన్నాడు షాహీన్. "ముసల్మానును బానిసగా కొనకూడదు. ఇంక నిన్ను దళంలోకి ఎవడు రానిస్తాడు?"

"చదవలేదని చెప్పరా," అన్నాడు అమీరు. "ఖాజీ ముందు ఒక్క మాట, అంతే."

"దేవుడి మీద అబద్ధమా? నా వల్ల కాదన్నా. నీ ఇంట్లోనే ఓ మూల పడుంటాలే."

"పడుండి? నా కొడుకుల్లా పావురాలు ఎగరేసుకుంటావా? రేపు నన్ను పడగొట్టారంటే, దళం లేనివాణ్ణి నిన్ను బతకనివ్వరు."

కన్షావ్ అమీరు చెయ్యి పట్టుకున్నాడు. "అయితే ఇంటికి పోదాం పద. అమ్మకు చూపు ఆనడం లేదు. నిన్నెప్పుడో బానిసత్వం నుంచి విడుదల చేశారటగా?"

నిజమే, చేశారు. అమీరుకు ఆ క్షణం నిజంగానే వెళ్ళిపోవాలనిపించింది. కొండవాగు చప్పుడు చెవిలో వినిపించింది కూడా. ఇంతలో మంచు విడింది. కింద వాకిట్లో గుర్రాలు, ఆయన కోసం కాచుకున్న బంట్లు, ఎదురుగా కోట. ఆయన కాలు కదల్లేదు.

"షాహీన్, వీణ్ణి అమ్మ దగ్గరికి చేర్చు," అన్నాడు చివరికి.

"అమ్మకేం చెప్పమంటావన్నా?" అన్నాడు కన్షావ్.

"నేను దొరకలేదని చెప్పు."



"అది అబద్ధం కాదులే అన్నా," అని కన్షావ్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.