కట్టేసిన విమానం

నాకు లాండ్రీ షాపు ఉంది. పదిమంది విడిచిన బట్టలు రోజూ చేత్తో పట్టుకుని, మడతలు విప్పి, మరకలు వెతుకుతాను. నాకు అసహ్యం అంత తొందరగా కలగదు. ఆ రోజు కలిగింది. ఆ కెప్టెన్ గారి చొక్కా గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద గొంతు దిగదు.

మా బావమరిది కాలేజీలో లెక్కలు చెబుతాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసిన తర్వాత అతనికి ఎయిర్‌లైన్ పైలట్ అవ్వాలన్న కోరిక పుట్టింది. పుట్టడమంటే ఎప్పటినుంచో లోపల ఉన్నదే, ఇప్పుడు బయటికొచ్చింది. రాత పరీక్షలన్నీ మొదటిసారికే పాసయ్యాడు. డాక్టర్లు కళ్ళూ గుండే చూసి సరేనన్నారు. ఇక మిగిలింది ఎగరడం. దానికొక స్కూలు కావాలి. అతని భార్య, నాకు చెల్లెలి వరస, తనకి తల్లి ఇచ్చిన ఫ్లాట్ అమ్మడానికి ఒప్పుకుంది. వాళ్ళకున్నది అదొక్కటే. అది పోయి చదువు కూడా రాకపోతే మళ్ళీ లేవలేరు.

"వాడు బ్లాక్‌బోర్డు ముందు పులి, బయట పిల్లి. ఎవరేం చెప్పినా తలూపేస్తాడు. మీరు పక్కనుండండి," అని మా ఆవిడ నన్ను తోడు పంపింది. నాకు విమానాల గురించి ఏం తెలుసు? పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, తెలియని చోట నోరు జారనివ్వకు స్వామీ అని చెప్పుకుని బయల్దేరాను.

మొదటి స్కూలు ఒక పెద్ద రేకుల షెడ్డు. ఒకటే విమానం. ఒక పెద్దావిడ దాని రెక్కని గుడ్డతో తుడుస్తోంది. ఆవిడే పాఠం చెప్పేది కూడా. మేమెవరమో చెప్పుకోకముందే, "బయటికి నెట్టాలి, ఒక చెయ్యి వెయ్యండి," అంది. నేను తోక పట్టుకోబోతే, "అక్కడ కాదు, సొట్ట పడుతుంది. ఇక్కడ నొక్కండి," అని చెయ్యి పట్టుకుని చూపించింది. విమానం బయటికొచ్చేసరికి నా చొక్కాకి నూనె మరక.

"ఫీజు ఎలా కట్టాలి మేడమ్?" అని మా బావమరిది అడిగాడు.

"ఎగిరిన రోజు, ఎగిరినంతకే. ముందుగా ఏమీ ఇవ్వొద్దు. ఉద్యోగం మానొద్దు."

"ఉద్యోగం చేస్తూ వస్తే ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏళ్ళే పడుతుంది. మీ సెలవులూ కుదరాలి, గాలీ కుదరాలి."

"అప్పటికి ఎయిర్‌లైన్ వాళ్ళు నన్ను తీసుకుంటారంటారా?"

ఆవిడ గుడ్డ పిండి, "తీసుకోకపోవచ్చు," అంది.

బస్సులో మా బావమరిది మొహం మాడిపోయి ఉంది. "ఈవిడ సబ్బుల కొట్టు పెడితే ఒక్క సబ్బు అమ్ముడుపోదు బావా," అన్నాడు.

"నేను కొంటాను. ఈ నూనె వదిలేలా లేదు," అన్నాను.

రెండోది అకాడమీ. పేరులోనే సగం ఆకాశం ఉంది. లోపలికెళ్ళగానే సెంటు వాసన గుప్పుమంది, దాని వెనకే గోడల బూజు వాసన. సోఫాకి వేసిన ప్లాస్టిక్ కవరు చెమటకి ఒంటికి అంటుకుంటోంది. ఎవరో తిని వదిలేసిన ప్లేటు టేబుల్ కింద ఉంది, దానిమీద ఈగలు. యజమానిని అందరూ కెప్టెన్ గారంటున్నారు. ఆయన జుట్టుకి వేసిన రంగు కరిగి కాలరు మీదికి దిగింది. చెయ్యి కలిపితే తడిగా, మెత్తగా, వదలకుండా పట్టుకున్నాడు.

"వయసు గురించి భయపడకండి బ్రదర్. మీలాంటి వాళ్ళకోసమే దేవుడు నన్ను పుట్టించాడు. ఏడాది తిరక్కుండా యూనిఫాం వేయిస్తా. ఫీజులో ఊళ్ళో మనకన్నా తక్కువ ఎవడూ లేడు."

దేవుడి పేరు ఆ నోట్లోంచి వినగానే నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది.

గోడనిండా ఫోటోలు. భుజాల మీద పట్టీలున్న తెల్ల చొక్కాల్లో కుర్రాళ్ళు నవ్వుతున్నారు. ఊరికే చూస్తున్నవాణ్ణి ఆగిపోయాను. అందరి జేబు మీదా ఒకే చోట ఒకే సిరా మరక. లావుగా ఉన్నవాడికి గుండీలు పిగిలిపోతున్నాయి, బక్కవాడికి భుజాలు జారుతున్నాయి. అందరిదీ ఒకటే చొక్కా.

ఆ చొక్కా తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. కెప్టెన్ గారు తీసి ఒక దులుపు దులిపాడు. "వేసుకోండి బ్రదర్, ఒక ఫోటో. ఇంట్లో మేడమ్‌కి చూపిస్తే ఇక అడ్డు చెప్పరు."

చంకల దగ్గర గుడ్డ పసుపురంగు తిరిగి అట్టలా ఉంది. కాలరు లోపల నల్లటి జిడ్డు గీత. ఎన్ని ఒళ్ళ చెమటో, ఒక్కసారి కూడా నీళ్ళు ముట్టని వాసన. "వద్దురా," అన్నాను మెల్లగా. మా బావమరిది వినలేదు. వేసుకుని, గుండీలు పెట్టుకుని, అద్దంలో చూసుకున్నాడు. ఆ క్షణంలో అతని మొహంలో వచ్చిన వెలుగు చూసి నేను తల తిప్పుకున్నాను. ఫోటో తీశారు.

తర్వాత వెనక మైదానానికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక విమానం ఇంజన్ హోరుమంటోంది. ఎగరబోతోందనుకున్నాను. దగ్గరికెళ్తే చక్రాల ముందు ఇటుకలు, తోకకి తాడు, తాడు చివర నేలలోకి దిగ్గొట్టిన ఇనుప గూటం. చక్రాల చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది.

"దీన్ని ఎందుకు కట్టేశారండీ?" అని అడిగాను.

"గంటలు పడుతున్నాయి పెద్దాయనా. లైసెన్సుకి ఇన్ని గంటలు ఎగిరినట్టు ఉండాలి కదా. ఇంజన్ తిరిగితే మీటరు తిరుగుతుంది. కింద ఉన్నామా పైన ఉన్నామా అని చూడ్డానికి మీటరుకి కళ్ళున్నాయా? కొన్ని గంటలు పైన, మిగతావి ఇక్కడ. అందుకే మన దగ్గర ఫీజు తక్కువ."

లోపల సీట్లో ఒక కుర్రాడు కాళ్ళు పైకి పెట్టుకుని ఫోన్‌లో సినిమా చూస్తున్నాడు. మా బావమరిదిని చూడగానే గబగబా కాళ్ళు దించి తలుపు తీశాడు.

"సార్, మీరా? గుర్తుపట్టారా సార్? పరీక్షలో నా సాక్సులోంచి చీటీ తీశారు."

"గుర్తుంది," అన్నాడు మా బావమరిది. "రెండు సాక్సుల్లోంచీ తీశాను."

కుర్రాడు మనస్ఫూర్తిగా నవ్వాడు. "మంచి సార్ అండీ మీరు. రండి, పక్కన కూర్చోండి. ఒకే తిరుగుడికి ఇద్దరం గంటలు రాసుకోవచ్చు. నాకు మా మామయ్య ఉద్యోగం కూడా మాట్లాడేశాడు సార్. గంటలు పూర్తవడమే ఆలస్యం."

మా బావమరిది నా వైపు చూడలేదు. ఎక్కి కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

నేను ఆ గడ్డిలో నిలబడ్డాను. పొగ, దుమ్ము నోట్లోకి వస్తున్నాయి. కెప్టెన్ గారు నా పక్కన నిలబడి అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, తీసినదాన్ని చూసుకుని మళ్ళీ నోట్లో పెట్టుకుంటున్నాడు. మా బావమరిది దిగుతాడని చూశాను. దిగలేదు. గంటసేపు ఆ విమానం తాడు తెంపుకోవాలన్నట్టు వణుకుతూ అక్కడే ఉంది. ఎవరికి చెప్పుకోను? పైనున్నవాడు ఇవన్నీ చూస్తూ ఎలా ఊరుకుంటాడు స్వామీ అనుకున్నాను. వెంటనే, నేనూ చూస్తూ ఊరుకునే ఉన్నాను కదా అనిపించింది. వెళ్ళి విమానం తలుపు అద్దం మీద కొట్టాను. లోపలివాళ్ళకి వినపడలేదో, వినదల్చుకోలేదో.

ఇంజన్ ఆగాక మా బావమరిది దిగాడు. మొహం పాలిపోయి ఉంది. రెక్క కింద వంగి కక్కుకున్నాడు.

"మొదట్లో అందరికీ అంతే బ్రదర్. గాల్లో కొత్త కదా," అన్నాడు కెప్టెన్ గారు.

"గాలెక్కడండీ?" అని మా బావమరిది మూతి తుడుచుకుని, ఒంటిమీద ఇంకా ఉన్న ఆ చొక్కా విప్పి ఆయన చేతిలో పెట్టాడు. "ఆ గంట నాకు రాయకండి. ఫోటో తీసేయండి."

"అలాగే బ్రదర్, అలాగే. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. ఇంకాస్త తగ్గిస్తాను," అంటూ ఆయన ఆ చొక్కాని మళ్ళీ మేకుకి తగిలించడానికి వెళ్ళాడు.

బస్సు స్టాపుకి వచ్చాం. నేనే అడిగాను. "అంతసేపు ఏం చేశావురా లోపల?"

"సినిమా చూశాం."

"దిగిపోవచ్చు కదా."

"దిగుదామనే ఎక్కాను బావా. ఎంత ఘోరంగా ఉంటుందో చూసి దిగిపోదామని. కానీ హాయిగా ఉంది. సీటు మెత్తగా ఉంది, మీటరు తిరుగుతోంది, ఇలాగే ఇంకొన్నాళ్ళు కూర్చుంటే అయిపోతుంది కదా అనిపించింది. ఇంజన్ ఆగితే అయ్యో అప్పుడేనా అనుకున్నాను." బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ, "ఆ చొక్కా వాసనకి కాదు నేను కక్కుకుంది," అన్నాడు.

తర్వాత భార్యకి ఫోన్ చేశాడు. ఆమె గొంతు నాకూ వినపడుతోంది.

"ఫ్లాట్ అమ్మొద్దు," అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది? కొనేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. టీ కూడా ఇచ్చాను. ఏం చెప్పి పంపను?"

"టీ బాగుందా అని అడుగు."

"అంటే పైలట్ అవ్వవా?"

"అవుతానో లేదో తెలీదు. ఎగరడం మాత్రం నేర్చుకుంటాను. జీతంలోంచి, మెల్లగా."

"సరే, వీళ్ళని పంపించి చేస్తాను. వచ్చేటప్పుడు పాలు తీసుకురా, ఉన్నవన్నీ వీళ్ళకే అయిపోయాయి," అని పెట్టేసింది.

ఇప్పటికీ నెత్తిమీద విమానం పోతుంటే నాకు ఆ సాక్సుల కుర్రాడు గుర్తొస్తాడు. మంచివాడే, సార్‌ని చూసి గబగబా కాళ్ళు దించాడు. ఆ విమానంలో కూర్చున్నవాళ్ళని చల్లగా చూడు స్వామీ అంటాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నోట్లో ఏదో చేదుగా ఉంటుంది. మా బావమరిది ఫోటో ఆ గోడమీద ఇంకా ఉండే ఉంటుంది, సిరా మరకతో సహా.

తర్వాతి సెలవురోజు ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. పెద్దావిడ మమ్మల్ని ఎందుకొచ్చారని అడగలేదు. రెక్క వైపు చెయ్యి చూపించింది. మా బావమరిది సరిగ్గా నొక్కాల్సిన చోటే నొక్కాడు. విమానాన్ని బయటికి నెట్టాం. ఆవిడ తలెత్తి చాలాసేపు ఆకాశం చూసి, "ఇవాళ గాలి బాగాలేదు," అంది. మళ్ళీ లోపలికి నెట్టాం.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ఏరా తమ్ముడూ, ఎన్ని గంటలు ఎగిరావు?"

"సున్నా అక్కా," అని, మా బావమరిది చేతులకున్న నూనె కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.