గూట్లో గారె

రోటి ముందు కూచుని మైసమ్మ అప్పటికి నాలుగో ఇంటి పప్పు రుబ్బుతోంది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడమచేత్తో నానిన బొబ్బర్లు లోపలికి తోస్తోంది. ఆ ఎడమచెయ్యి పొద్దుటి నుంచి భుజం దగ్గర గుంజుతోంది. రెండుసార్లు విదిలించి చూసింది, తగ్గలేదు. అరవై రెండేళ్ల చెయ్యి ఎక్కడో ఒకచోట గుంజకుండా ఎలా ఉంటుందని, పట్టించుకోవడం మానేసింది.

మామూలుగా అయితే పెత్రమాస నాడు జనగామలో ఇంటింటా మిక్సీలు మోగుతాయి. ఈసారి తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె కట్టారు. భూపాలపల్లిలో బొగ్గు తీయడం ఆగింది, ఇక్కడ కరెంటు ఆగింది. దాంతో వాడకట్టు ఆడవాళ్లకు మైసమ్మ రోలు గుర్తొచ్చింది. ఏడాది పొడుగునా ఆమె ఇంట్లో గారెలు చేసి స్టేషన్లో అమ్ముతుంటే, తెల్లారకముందే ఆ రోటి గోల ఏమిటని సణిగినవాళ్లే ఇవాళ గిన్నెలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మైసమ్మ ఎవరినీ పొమ్మనలేదు. అలా అనడం ఆమెకు చేతకాదు.

"మీ ఆకుల ఎంతమంది?" అని మాత్రం ఒక్కొక్కరినీ అడిగింది. పెత్రమాస చనిపోయిన పెద్దలకు పెట్టే రోజు. ఆ వాడలో మోదుగాకు విస్తట్లో మనిషికొక గారె పెడతారు. వాళ్లవి ముందు కాల్చి, ఎంగిలి కాకుండా పక్కన ఉంచాలి.

"ఐదుగురక్కా," అంది పక్కింటి అరుంధతి. "నిరుడు నలుగురే. మా మరిది పాయె గద."

ఈసారి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ నిరుటికంటే ఎక్కువే చెప్పారు. మైసమ్మకది నచ్చలేదు. తడిగుడ్డ మీద పిండి తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టి, ఒక్కొక్కటే నూనెలోకి జార్చింది. పొగకు కళ్లు మండుతున్నాయి. ఉండుండి ఛాతీలో ఏదో పట్టేసినట్టవుతోంది.

ఆమె సొంత ఆకులో ఉండేది మామా అత్తా, ఇద్దరే. మూడో గారె ఆకులో పెట్టదు. గోడగూట్లో ఉంచి దానిమీద ఇత్తడి గిన్నె బోర్లిస్తుంది. అది ఆమె మొగుడు యాకయ్యది.

తొలి తెలంగాణ ఉద్యమం నడిచిన అరవై తొమ్మిదిలో, పెళ్లయిన ఏడాదికి, ఆమె గారెలు కాలుస్తుండగానే వీధిలో జై తెలంగాణ అని వినబడింది. "మూతపెట్టి ఉంచు, వచ్చి తింట," అని యాకయ్య అంగీ వేసుకుని బయటికి పోయాడు. ఊరేగింపులో కలిసి స్టేషన్ వైపు పోతుంటే చూసినవాళ్లున్నారు. తిరిగొస్తుంటే చూసినవాళ్లు లేరు. కాళేశ్వరంలో కనబడ్డాడని ఎవరో అంటే, పోయి మూడు రోజులు గోదావరి మెట్ల మీద కూచుని వచ్చింది. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. అందుకని కాళ్ల మెట్టెలు తీయలేదు, బొట్టు చెరపలేదు. బతికున్నవాడికి ఆకులో పెడితే చావును పిలిచినట్టే. చచ్చినవాడికి పెట్టకపోతే ఆకలితో తిరుగుతాడు. ఈ రెండు భయాల నడుమ నలభై రెండేళ్లు ఆ గిన్నె బోర్లించి నెట్టుకొచ్చింది. మర్నాడు పొద్దున చల్లారిన గారె తనే తినేది.

పదకొండింటికి జితేందర్ సారు వచ్చాడు. సమ్మెలో దిగి, బస్టాండు దగ్గర దీక్షా శిబిరం నడుపుతున్న బడిపంతులు. చెప్పులు వాకిట్లోనే విడిచాడు.

"అవ్వా, తాతది ఫోటో ఉంటే ఇయ్యరాదు? అరవై తొమ్మిదిల పోయినోళ్ల ఫోటోలన్ని శిబిరంల పెడుతున్నం. పొద్దుగూకంగ దండలేస్తం."

పొత్రం ఆగింది. "దండ సచ్చినోళ్లకే ఏస్తరు గద సారూ?"

మంచివాడే పాపం, అంతదూరం ఆలోచించలేదు. "పేరు నిలుస్తదని అడిగిన," అని నసిగాడు. "సాయంత్రం మల్ల వస్త. జర ఆలోచన చెయ్యి."

అతను వెళ్లగానే అరుంధతి అందుకుంది. "ఇయ్యరాదక్కా. ఉంటే గిన్నేండ్లు రాకపోతుండెనా? ఆకలికి ఏడ తిరుగుతుండో ఏమో. ఈ ఏడన్న ఆకుల పెట్టు."

మైసమ్మ మళ్లీ పొత్రం పట్టుకుంది. చెంప మీద కొట్టినా అంత నొచ్చుకునేది కాదు. నలభై రెండేళ్లుగా ఆయన్ని పస్తు పెట్టింది తనేనా? వీధిలో మళ్లీ ఊరేగింపు పోతోంది. జై తెలంగాణ అని వినబడితే చాలు, లేచి గడప దాకా పోయి ముఖాలన్నీ వెతకడం ఆమెకు అలవాటు. ఇవాళ కాళ్లు లేవలేదు.

మధ్యాహ్నం దాటేసరికి అందరి గిన్నెలూ నిండి ఎవరిళ్లకు వాళ్లవి పోయాయి. చివరికి తనకోసం మూడు తట్టింది. రెండు ఆకులో పెట్టింది. మూడోది అరచేతిలో ఉంది. ఆకు వైపు చూసింది, గూటి వైపు చూసింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. కాసేపు ఆగి పెడదామని గోడకు ఆనుకుంది.

ఆ సాయంత్రమే మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు రమ్మని పిలవడానికి అరుంధతి తంగేడు పూలతో వచ్చింది. పొయ్యి ఆరిపోయింది. మైసమ్మ కాళ్లు చాపుకుని కూచుని ఉంది, చేతిలో గారె ఉంది. "అక్కా" అని రెండుసార్లు పిలిచింది. ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. పూలు కింద పడేసి అక్కడే కూలబడింది.

"నా నోట్ల మన్నువడ, ఎంతమాటంటినక్కా!" అని ఏడ్చింది.

ఆ గారె ఇప్పుడు అరుంధతి పెట్టాలి. ఆకులో పెడితే మైసమ్మ మొగుడు లేనిది, మెట్టెలు ఊడదీసి సాగనంపుతారు. గూట్లో పెడితే ముత్తైదువ. అరుంధతి ఆ మెట్టెల వైపు చూసింది. అరిగి అరిగి తీగల్లా ఉన్నాయి. మెల్లగా వేళ్లు విడదీసి గారె తీసుకుంది. గూట్లో పెట్టి, గిన్నె బోర్లించింది. ఆ తర్వాతే వాకిట్లోకొచ్చి కేకేసింది.

"పసుపు కుంకుమ పట్టుకరాండ్రి! మైసమ్మక్క పోయింది!"

పొద్దుగూకే వేళకు జితేందర్ సారు వచ్చి గడప బయటే నిలబడిపోయాడు. మైసమ్మ ముఖం నిండా పసుపు, నుదుట ఇంత బొట్టు. అతను అడగకముందే అరుంధతే చెప్పింది.

"ఫోటో లేదు సారూ. ఆయన వచ్చినంక ఆయన్నే అడుగుండ్రి."

గూట్లో ఇత్తడి గిన్నె బోర్లించి ఉంది. ఏళ్లనాటి పాత మరక మీద, దాని అంచు కింద నుంచి, కొత్త నూనె సన్నగా ఇంకుతోంది.